మూడో కుర్చీ

ఇస్తాంబుల్ మార్తితెపె స్పోర్ట్స్ క్లబ్ కార్యవర్గం డిసెంబరు నాలుగున సమావేశమై, రెండు విడతలు టీ తాగిన మీదట, ఈ కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది: "మహిళల వాలీబాల్ జట్టు కెప్టెన్ సెర్పిల్ గారు యూరప్ ఛాంపియన్స్ లీగ్ ముగిసేవరకు ఆడరాదు. ప్రతి మ్యాచ్‌లోనూ బెంచీ వరసలో మూడో కుర్చీలో, ఎడమ కాలు కుడి కాలు మీద వేసుకుని, పైన ఐసు సంచి పెట్టుకుని కూర్చోవలెను. జట్టు ప్రయోజనం దృష్ట్యా వారి ప్రతిభను ఈ విధంగా వినియోగించుకోవడమైనది."

సెర్పిల్ ఆ కాగితం రెండుసార్లు చదివింది. ముప్పై అయిదేళ్ళ మనిషి. పన్నెండేళ్ళుగా అదే క్లబ్బులో సెట్టర్. కొట్టేవాళ్ళకి బంతిని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు అందించడం ఆవిడ పని. జట్టుని రెండుసార్లు ఫైనల్ దాకా తీసుకెళ్ళి, రెండుసార్లూ కప్పుని చేతికందేంత దూరం నుంచి చూసి వచ్చింది. మోకాళ్ళు నొక్కి చూసిన డాక్టరు "ఈ ఏడుతో సరి" అనేశాడు. అంటే కప్పు ఎత్తితే ఈ ఏడే ఎత్తాలి. అదీ ఆడి ఎత్తాలి, కూర్చుని కాదు.

తప్పంతా చీలమండది. నవంబరులో పోలండు జట్టు మీద మనవాళ్ళు మొదటి రెండు సెట్లూ ఓడారు. రెండో సెట్టు చివర్లో సెర్పిల్ కాలు మడతపడింది. సామాన్లు చూసే దుర్ముష్ ఆవిణ్ణి మూడో కుర్చీలో కూలేసి, చీలమండ మీద ఐసు సంచి పెట్టాడు. ఇరవయ్యొక్కేళ్ళ పెలిన్ ఆవిడ బదులు దిగింది. మూడు సెట్లూ వరసగా గెలిచారు.

ఎలా గెలిచారని ఎవరూ అడగలేదు. ఇస్తాంబుల్‌లో అలాంటి ప్రశ్నలు అడగరు. ఆ గెలిచిన ఘడియలో తానేం చేస్తున్నాడో ఎవరికి వారు గుర్తుచేసుకుంటారు, ఓడేదాకా అదే చేస్తారు. దాన్ని టోటెమ్ అంటారు. ఆ రోజు అధ్యక్షులు హైరెత్తిన్ బే ఆవపిండి రంగు స్వెట్టరు వేసుకుని ఉన్నారు. అది మళ్ళీ నీళ్ళు చూడలేదు. ఫిబ్రవరికల్లా ఆయన వెనక వరస దానంతటదే ఖాళీ అయింది. ఆ పొద్దున కార్యదర్శి గారికి భార్యతో గొడవైంది. అప్పటినుంచి మ్యాచ్ ఉన్న ప్రతి పొద్దునా ఆయన గొడవకి కూర్చునేవాడు. ఆవిడ కూడా క్లబ్బు అభిమానే కనుక తన వంతు తాను తిట్టి పంపేది. సీజను మొదట్లో బలివ్వడానికి తెచ్చిన పొట్టేలు సంగతి మరీ చిత్రం. కసాయి వంతెన మీద ట్రాఫిక్కులో ఇరుక్కుని రాలేదు. ఈలోగా మ్యాచ్ గెలిచేశారు. కనుక బతికున్న పొట్టేలే శుభం. దాని మెడలో సీజను పాసు వేలాడదీశారు. గెలిస్తేనే బతుకున్న ఆటగాడు క్లబ్బులో అదొక్కటే.

సెర్పిల్ కాలు మూడు వారాలకే కుదుటపడింది. ఆవిడ తిన్నగా అధ్యక్షుల గదికి వెళ్ళింది.

"కాలు బాగుంది హైరెత్తిన్ బే. వచ్చే మ్యాచ్ ఆడతాను."

"ఎంత మాటన్నావమ్మా!" అని ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. చెయ్యి స్వెట్టరుకి అంటుకుంది. "ఆడటానికేముంది, వీధిలో ఎవరిని పిలిచినా వచ్చి ఆడతారు. కూర్చోవడం! నీలా కూర్చునేవాళ్ళు యూరప్ మొత్తంలో ఉన్నారా? నీ మోకాలి వంపులో ఈ పేట పరువుంది తల్లీ. నేను ఉతుక్కోకుండా తిరుగుతున్నాను, నేనేమైనా అన్నానా?"

కోచ్ దగ్గరికి పోయింది. ఎర్మాన్నో ఇటలీ మనిషి. కంప్యూటర్ లేనిదే కాఫీ కూడా తాగడు. స్వెట్టరునీ పొట్టేలునీ చూసి పగలబడి నవ్విన ఒకే ఒక్కడు.

"లెక్క చూడమ్మాయ్. నీ అంత సెట్టర్ మన జట్టులో లేదు. ఇదిగో, శాతాలతో సహా."

"మరి ఆడించండి హోజా." అక్కడ కోచ్‌ని అలాగే పిలుస్తారు, గురువుగారని.

ఎర్మాన్నో ఆవిడ జెర్సీ మీది అంకె చూసి, కీడు తగలకుండా మెల్లగా బల్ల ఇనప కాలు ముట్టుకున్నాడు. "నేను శాస్త్రం నమ్మే మనిషిని. పొట్టేళ్ళూ గిట్టేళ్ళూ మూఢనమ్మకం. కానీ పదిహేడు... పదిహేడు వేరే సంగతి, మా ఇటలీలో అది చెడ్డ అంకె. మా అమ్మమ్మ పదిహేడో తారీఖున పొయ్యి కూడా వెలిగించేది కాదు."

సెర్పిల్ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కాలు మీద కాలు, దాని మీద ఐసు సంచి. నయమైన కాలు మంచుకి తిమ్మిరెక్కేది. ఒళ్ళో ఉన్న చేతి వేళ్ళు మాత్రం ఊరుకోలేదు. అవతలివాళ్ళు నెట్ దగ్గర చేతులెత్తి కట్టే గోడ ఎటు జరుగుతోందో చూసి, బంతి ఎవరికివ్వాలో పెలిన్‌కి వేళ్ళతో చెప్పేది. పెలిన్ అక్షరం పొల్లుపోకుండా ఇచ్చేది. ఆ వేళ్ళ మీదే జట్టు గ్రూపు దాటింది. క్వార్టర్ ఫైనల్లో చెరో మ్యాచ్ గెలిచి సమానమైతే, అదనంగా ఆడే పదిహేను పాయింట్ల సెట్టు కూడా గెలిచింది. సెమీస్ దాటింది. కాళ్ళు చూసినవాళ్ళు పదివేల మంది. వేళ్ళు చూసినవాడు లేడు.

ఫైనల్ ఇటలీలో, ఇటలీ జట్టు మీద. పొట్టేలుకి వీసా రాలేదు కనుక దాని ఫొటో తీసుకెళ్ళారు. మొదటి రెండు సెట్లూ పోయాయి. పెలిన్ నీళ్ళసీసా పట్టుకుని మూడో కుర్చీ ముందు కూలబడింది.

"నా వల్ల కాదక్కా. నీ వేళ్ళు చూసి, బంతి చూసి, తిరిగేలోపు వాళ్ళ గోడ లేచి నిలబడుతోంది. నువ్వు దిగక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు పట్టుకోకే, తీర్మానం చెడిపోతుంది" అంది సెర్పిల్. ముల్లుని ముల్లుతోనే తీయాలి. దుర్ముష్ వైపు తిరిగింది.

"దుర్ముష్ అన్నా, నేను ఈ క్లబ్బుకొచ్చి ఎన్నాళ్ళు?"

"పన్నెండేళ్ళు చెల్లీ."

"ఎన్ని కప్పులు గెలిచాం?"

"నీ నోరు కాస్త మెల్లగా. ఒక్కటీ లేదు."

"మరి ఈ ఐసు సంచి కొని ఎన్నాళ్ళు?"

దుర్ముష్ సంచి వైపు చూశాడు. "మొన్న అక్టోబరులోనే కదా..."

"అదొచ్చాకే కదా గెలుస్తున్నాం. ఇన్నాళ్ళుగా దాన్ని కూర్చోనివ్వకుండా దాని కుర్చీ నేను ఆక్రమించాను. పాపం దాని బలం ఎంతని మోస్తుంది నన్ను?"

దుర్ముష్ మొహం తెల్లబడింది. ఆనక వెలిగింది. గ్యాలరీలోకి పరుగెత్తి అధ్యక్షుల చెవిలో ఊదాడు. ఆవరంగు స్వెట్టరు లేచి నిలబడి హాలు దద్దరిల్లేలా అరిచింది: "సంచికి చోటివ్వండి!"

ఇక మిగిలింది కోచ్. "పదిహేడు..." అని మొదలెట్టాడు.

"ఇక్కడున్న అయిదువేల మందికీ అమ్మమ్మలున్నారు హోజా" అంది సెర్పిల్. "నన్ను చూసి దడుచుకోవాల్సింది మీరొక్కరేనా?"

ఎర్మాన్నో ఆటగాళ్ళ చీటీ మీద పదిహేడు రాశాడు.

మూడో కుర్చీలో ఐసు సంచిని ఆసీనం చేసి, చలేయకుండా సెర్పిల్ జాకెట్ కప్పారు. సెర్పిల్ దిగింది. మూడో సెట్టు, నాలుగో సెట్టు మనవే. అయిదో సెట్టు పదిహేను పదమూడు. ఆవిడ కప్పు ఎత్తింది, ఆడి ఎత్తింది. ఫొటోలో ఆవిడ మొహానికి అడ్డంగా దుర్ముష్ సంచిని ఎత్తిపట్టుకుని ఉన్నాడు.

హైరెత్తిన్ బే విజయసభలో మాట్లాడారు. ప్రచారం కోరక, చెమటోడ్చి, కరిగి నీరైన ఆ సంచి త్యాగాన్ని తరతరాలు మరవరాదన్నారు. దాన్ని క్లబ్బు ప్రదర్శనశాలలో కప్పు పక్కనే అద్దాల పెట్టెలో ఉంచారు. పొట్టేలుకి జీవితకాల సభ్యత్వం ఇచ్చారు. సెర్పిల్ విని నవ్వుకుంది. ఆ కథ అప్పటికప్పుడు అల్లిన అబద్ధమని లోకంలో తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

కప్పు ఉత్సాహంలో డాక్టరు మాట పక్కనబెట్టి ఇంకో ఏడు ఆడతానంది. అక్టోబరులో మొదటి మ్యాచ్, సొంత హాలు, మొదటి సర్వీసు ఆవిడదే. రెఫరీ ఈల వేశాడు. ఎనిమిది సెకన్లలో కొట్టాలి. సెర్పిల్ బంతిని రెండుసార్లు నేలకేసి కొట్టి, ఎందుకో బెంచీ వైపు చూసింది. మూడో కుర్చీ ఖాళీగా ఉంది.

చెయ్యి లేవలేదు.

"దుర్ముష్ అన్నా! సంచేదీ?"

"అద్దాల పెట్టెలో ఉంది కద చెల్లీ!"

"అద్దం పగలగొట్టైనా పట్రా!"

ఎనిమిది సెకన్లూ అయిపోయాయి. పాయింటు అవతలివాళ్ళకి పోయింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆలస్యంగానైనా కెప్టెన్ గారికి వాలీబాల్ అర్థమైనందుకు కార్యవర్గం హర్షం వెలిబుచ్చుతూ ఏకగ్రీవంగా తీర్మానించింది.