ఆరో అంతస్తు గీత

సోమవారం పొద్దున విశ్వేశ్వరరావు పెట్టుకున్నది పెద్ద పనేం కాదు. గచ్చిబౌలి ఆఫీసుకు చేరగానే ఒక గ్రాఫు ప్రింటు తీసి తప్పులు చూసుకోవాలి, పదింటికి నీలమ్మ ఇచ్చే అల్లం టీ తాగాలి, అంతే. ఒక దేశంలో పనిచేసేవాళ్లూ పని వెతుక్కునేవాళ్లూ కలిపి శ్రామికులు ముప్పై ఏళ్లలో ఎంత తగ్గారు, పేద దేశాల్లో ఎంత పెరిగారు అన్నది ఆ గ్రాఫు సంగతి.

దేశాల పేర్లు కాగితం మీద కనబడకూడదని క్లయింటు షరతు. అందుకని ఆయన జట్టు ప్రతి పనికీ మారుపేర్లు పెట్టుకునేది. పండ్లు, నదులు అయిపోయాయి. ఈసారి ఒక్కడే ఆ పని చేస్తున్న విశ్వేశ్వరరావు బుర్ర వాడి, ఆ దేశానికి ‘ఆరో అంతస్తు’ అనీ, పేద దేశాలకు ‘ఏడో అంతస్తు’ అనీ పెట్టాడు. తాము కూర్చునేది ఆరో అంతస్తులోనేనని తెలియక కాదు, సరదాగా ఉంటుందని.

ఇంతలో ఫోను వచ్చి, కాగితాన్ని ప్రింటరు దగ్గరే మరిచిపోయాడు. అది పక్క జట్టు నితీష్ చేతిలో పడింది. ఆరో అంతస్తు పనివాళ్ల గీత జారుతోంది, ఏడోది ఎగబాకుతోంది. అడుగున సంవత్సరాలు ఉన్నాయి గానీ, భయపడ్డవాడు తేదీలు చూస్తాడా?

"మన ఫ్లోర్ ఎత్తేస్తున్నరంట బ్రో!" అన్నాడు నితీష్. భోజనాల వేళకు తీసేసేవాళ్ల జాబితా ఒకటి పుట్టింది. సాయంత్రానికి జాబితాలోకి పేర్లు కూడా ఎక్కాయి.

మంగళవారం పదింటికి నీలమ్మ టీ కప్పు పెట్టి, అక్కడే నిలబడింది.

"సారూ, ఆ కాగితం మీదేనంట గదా. జర నిజం చెప్పుండ్రి, ఎత్తేస్తరా? జీడిమెట్లల మందుగోలీల ప్యాకింగ్ పని ఉందంటున్రు. ఇయ్యాలనే జవాబు చెప్పాలె."

కొత్తగూడ నుంచి నడిచొచ్చే మనిషి. జీడిమెట్లకైతే రెండు బస్సులు మారాలి, పైగా మోకాళ్ల నొప్పులు. ‘ఆ కాగితం మన గురించి కాదమ్మా’ అంటే సరిపోయేది. కానీ రహస్యం పాటిస్తానని చేసిన సంతకం గుర్తొచ్చింది ఆయనకు.

"దాని గురించి నేనేమీ మాట్లాడకూడదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

"సమజైంది సారూ. చెప్పకనే చెప్పిన్రు."

మర్నాడు టీ లేదు. నీలమ్మే మానేసిందంటే ఇక అనుమానం దేనికని, మిగతావాళ్లు ఒకరి వెనక ఒకరు రాజీనామాలిచ్చారు. విశ్వేశ్వరరావు కంగారుపడి తిరిగాడు.

"అది ఒక దేశం లెక్కయ్యా!"

"ఏ దేశం సార్?"

"అది చెప్పకూడదు."

"మాకు తెలుసు సార్," అని నితీష్ జాలిగా భుజం తట్టాడు.

రెండు నెలలకు హెచ్ఆర్ దేవిశ్రీ ఆయన్ని పిలిచింది. "ఆరో అంతస్తులో మిగిలింది మీరొక్కరేనండి. ఒక్కరి కోసం ఏసీ వెయ్యలేమండి. ఫ్లోర్ ఎత్తేస్తున్నాం."

ఆ రోజు ఆయన్ని బాధించింది తన ఉద్యోగం పోవడం కాదు. నాలుక చివర ఉన్న ఒక్క మాట మింగేసి, ఒక మనిషిని రెండు బస్సులు ఎక్కించానే అన్న బాధ. నీలమ్మకు ఫోను చేసి ఉన్నదంతా చెప్పి, క్షమించమన్నాడు.

"గా ముక్క ఆ దినమే చెప్పుంటే అయిపోతుండె గద సారూ," అంది నీలమ్మ. తర్వాత తనే, "మరి మీకిప్పుడు పని లేదా? ఫికర్ చెయ్యకుండ్రి, ఈడ సూపర్‌వైజర్‌ని అడిగి చూస్త," అంది.

పని వెతుక్కునేవాణ్ణి కూడా శ్రామికుల్లోనే లెక్కేస్తారు కనుక, దేశం లెక్కలో మాత్రం విశ్వేశ్వరరావు తగ్గలేదు.