రెండో ఆడ నీటిగుర్రం

జూ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న హెడ్డుగుమాస్తాకి జంతువులంటే ఎంత గౌరవమంటే, వాటి దరిదాపులకి కూడా వెళ్లేవాడు కాదు. పులి ఈనిందన్నా, జిరాఫీ మెడ పట్టేసిందన్నా ఆయనకి కాగితం మీదే తెలియాలి. ఒకసారి "కొండచిలువ పోయింది" అని రెండే ముక్కలతో కాగితం వచ్చింది. చచ్చిపోయిందో పారిపోయిందో రాయలేదు. సంగతి తేలేవరకూ, అంటే మధ్యాహ్నం దాకా, ఆయన కాళ్లు రెండూ కుర్చీ మీదకి తీసుకుని ఫైళ్లు చూశాడు.

ఇంట్లో గోడ మీద బల్లి కనిపిస్తే భార్యని కేకేసేవాడు. ఆవిడ చీపురుతో వచ్చి, బల్లిని బయటికి పంపాలా, ఈయన్ని పంపాలా అని ఒక్క క్షణం ఆలోచించి, చివరికి బల్లినే పంపేది.

అలాంటి మనిషికి అసిస్టెంటు మేనేజరు కావాలనే కోరిక పుట్టింది. ఆ కుర్చీ ఖాళీ అయింది. దానికి సొంత గది ఉంది, గదికి తలుపుంది, తలుపు మీద పేరు రాస్తారు. కాకపోతే జంతు ప్రదర్శనశాలలు, అక్వేరియంల నిర్వహణలో డిప్లొమా ఉండాలన్నారు. ఏడాది చదువు, పాఠాలన్నీ పోస్టులోనే వస్తాయి.

"జంతువుల్ని చూడకుండానే జంతువుల్ని చూసుకునే ఉద్యోగమన్నమాట," అంది భార్య.

"మేనేజరు జంతువుల్ని చూసుకోడే. జంతువుల్ని చూసుకునేవాళ్లని చూసుకుంటాడు."

"ఆ మేనేజర్ని ఎవరు చూసుకుంటారు?"

"భార్య," అన్నాడాయన, అక్కడికేదో గెలిచినట్టు.

పదకొండు పుస్తకాలు వచ్చాయి. మొదటి పుస్తకం మొదటి వాక్యం: "నిర్వహణ అనగా నిర్వహింపబడుచున్న వాటిని నిర్వహించు విధానమును నిర్వహించుట." ఆయన దాన్ని మూడుసార్లు చదివి, నాలుగోసారికి గురకపెట్టాడు.

మొదటి ప్రశ్నపత్రంలో ఒకటే ప్రశ్న. "ఒక ఆవరణలో చాలాకాలంగా పెత్తనం చేస్తున్న ఆడ నీటిగుర్రం ఉన్నది. అదే ఆవరణలోకి రెండో ఆడ నీటిగుర్రాన్ని ప్రవేశపెట్టవలసి వచ్చినది. మీ ప్రణాళికను వివరింపుడు." మూడు రోజులు పెన్ను మూత తీసి పెట్టడమే సరిపోయింది. నాలుగో రోజు వంటింట్లో భార్యని చూస్తుంటే ఆయన బుర్రలో దీపం వెలిగింది.

ఆవిడ ఉద్యోగినుల హాస్టలుకి వార్డెను. అరవై మంది అమ్మాయిలు, ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇద్దరు వంటవాళ్లు, రోజు విడిచి రోజు అలిగే నీళ్ల మోటారు, అన్నీ ఆవిడ కనుసన్నల్లో నడిచేవి. ఈ విద్య ఆ పదకొండు పుస్తకాల్లో ఉన్నదాని కన్నా ఎక్కువే. అడిగి రాసుకుంటే పోయేది. కానీ కాబోయే మేనేజరు భార్యని పాఠం చెప్పమని అడగడం ఏం మర్యాద? అందుకని డొంకతిరుగుడుగా మొదలుపెట్టాడు.

"ఊరికే అడుగుతున్నానోయ్. మా అక్కయ్య వచ్చి మనింట్లోనే ఉంటుందనుకో. నువ్వేం చేస్తావు?"

కూర కలుపుతున్న గరిటె ఆగింది. "ఎప్పుడొస్తున్నారు?"

"రావడం లేదు. అనుకో."

"మీవాళ్లు వచ్చే ముందల్లా మీరు ఇలాగే 'అనుకో' అంటారు. సరే వినండి. వచ్చిన రోజే ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టకూడదు. రెండు రోజులు ఆవిడ్ని వెనక గదిలో ఉంచాలి. నా కూర వాసన ఆవిడకి తగలాలి, ఆవిడ దగ్గు నాకు వినపడాలి. మూడో రోజు తలుపు తీయాలి. భోజనం ఇద్దరికీ ఒకేసారి, చెరో చివర. ఒకరెదురుగా ఇంకొకర్ని మెచ్చుకోకూడదు. కోపమొస్తే లేచి వెళ్లిపోవడానికి ఇద్దరికీ వేరువేరు దారులుండాలి."

"మరి నేను?"

"మధ్యలో నిలబడాలి. ఇంకెందుకు మీరు?"

వెనక గదిని "ఏకాంత పరిశీలనా విభాగము" చేశాడు. దగ్గుని "శ్రవణ పరిచయము" అన్నాడు. నాలుగో పేరాలో "మేనేజరు స్వయముగా ఉభయుల మధ్య నిలుచును" అని రాసి, కింద గీత కూడా గీశాడు. తొంభై రెండు మార్కులు వచ్చాయి. మార్జిన్లో ఎర్ర సిరాతో "అనుభవం ఉట్టిపడుతున్నది" అని రాశారు.

ఆ ఆనందం వారం నిలవలేదు. వీధి గుమ్మం ముందు బండి ఆగింది. అందులోంచి మూడు పెట్టెలు, వాటి వెనక అక్కయ్య దిగారు.

"ఒరేయ్ తమ్ముడూ, ఇన్నేళ్లకి మరదలు తనంతట తాను ఫోన్ చేసిందిరా. 'వదినా, వెనక గది సర్దాను, ఎప్పుడొస్తున్నారు' అంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి."

ఆయనకీ తిరిగాయి.

అక్కయ్య ముప్పై ఏళ్లు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసి, ఒక్క కవరూ విప్పి చూడకుండా రిటైరైన మనిషి. ఆ నిగ్రహం కూడా ఉద్యోగంతోపాటే రిటైరైంది. ఇంట్లో రెండు రోజులు దగ్గు, కూర వాసన నడిచాయి. మూడో రోజు తలుపు తెరుచుకుంది. వదినా మరదళ్లు బల్లకి చెరో చివర కూర్చుని తిన్నారు. మధ్యలో కాబోయే మేనేజరు నిలబడే తిన్నాడు. పదో రోజుకి ఇద్దరూ కలిసి ఆయన్ని తిట్టే స్థాయికి ఎదిగారు.

పథకం పారింది కదా అని రెండో ప్రశ్న అందుకున్నాడు. తొట్టెలో ఒక చేప మిగతా చేపల రెక్కలు కొరుకుతోంది, ఏం చేయాలి?

"మీ హాస్టల్లో ఒకమ్మాయి గదిలో అందరితోనూ గొడవపడుతుందనుకో?"

"మంచాలన్నీ తిప్పేసి వేస్తాను. అందరికీ చోటు కొత్తదైతే 'ఇది నాది' అనే మాట ఎవరికీ ఉండదు. గొడవ పిల్లని అన్నిటికన్నా చివర లోపలికి పంపిస్తాను."

తొంభై అయిదు మార్కులు.

మూడోది, మేత ముట్టని జంతువు. "నేను అన్నం మానేశాననుకో, ఏం చేస్తావు?" అని ఒక ఉదయం అడిగాడు. ఆవిడ ఆయన ముఖంలోకి నిదానంగా చూసింది. నుదురు మీద చెయ్యి వేసింది. జవాబు చెప్పింది గానీ దాంతో ఊరుకోలేదు. డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లి మూడు చోట్ల సూది గుచ్చించింది, వారం రోజులు ఉప్పులేని గంజి పోసింది. ఆయన ఆకలితో రాసిన ఆ జవాబుకి తొంభై ఏడు వచ్చాయి. "ఆహార విముఖతను రచయిత లోపలినుంచి అర్థం చేసుకున్నాడు" అన్నారు.

ఆ తొంభై ఏడు ఉన్న కవరుని పోస్టుమాన్ మధ్యాహ్నం అక్కయ్య చేతికిచ్చాడు. సంస్థవారు ఈసారి పాత జవాబులు కూడా కలిపి పంపారు. అక్కయ్య కవరు విప్పింది, చదివింది, హాస్టలు నుంచి వచ్చిన మరదలి ముందు బల్ల మీద పరిచింది.

"చూడమ్మాయ్, నా తమ్ముడు నన్ను నీటిగుర్రాన్ని చేశాడు."

"నేనూ నీటిగుర్రాన్నే వదినా. పాతదాన్ని."

"మార్కులు మాత్రం బాగా వచ్చాయి."

"మనకి వచ్చాయి," అంది భార్య. ఎర్ర సిరా మాటలన్నీ ఒక్కొక్కటే వేలితో చదువుకుంది. ఇరవై ఏళ్ల వార్డెను ఉద్యోగంలో ఆవిడకి అనుభవం ఉట్టిపడుతోందని రాసినవాళ్లు లేరు. కాగితాలు మడిచి కవర్లో పెట్టి, గంజి పెట్టి అతికించింది. ఆ రోజు నుంచి ఖాళీ దొరికినప్పుడల్లా ఆ పదకొండు పుస్తకాలు ఒక్కొక్కటే తీసి చదవసాగింది. పుస్తకాల మీద దుమ్ము పోయిందేమిటని కూడా ఆయనకి అనుమానం రాలేదు.

ఇంతలో జూ డైరెక్టరుగారు ఆయన్ని పిలిచారు. "మన నీటిగుర్రానికి తోడుగా వేరే జూ నుంచి ఇంకో ఆడదాన్ని తెప్పించాం. దాని ఏకాంతవాసం అయిపోయింది. మీకు ఇందులోనే తొంభై రెండు వచ్చాయట. మీ ప్రాక్టికల్ పరీక్ష ఇదే. ఇంటివాళ్లని కూడా తీసుకురండి, ఫోటో తీయిద్దాం."

ఇంటికొచ్చి, ఆఖరి డొంకతిరుగుడు ప్రశ్న అడిగాడు. "ఇద్దరాడవాళ్లు కలిసేటప్పుడు మధ్యలో మగాడు నిలబడాలన్నావు చూడు. ఎలా నిలబడాలి?"

"నిటారుగా," అంది భార్య.

అక్కయ్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక గదిలోకి వెళ్లిపోయింది.

పరీక్ష నాటి ఉదయం ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. నీటి మడుగుకి ఎదురుగా పక్కపక్కనే రెండు గదులు, రెండింటికీ ఇనుప కటకటాలు. మధ్యలో కీపరు తిరగడానికి సన్నని నడవా. ఒక గదిలో పాత నీటిగుర్రం, ఇంకోదాంట్లో కొత్తది. డిప్లొమా సంస్థవారు పంపిన పరీక్షాధికారిణి రిటైరైన పశువుల డాక్టరమ్మ. చేతిలో గొడుగు, చంకలో ఆయన జవాబుపత్రం.

"నాలుగో పేరా," అందావిడ. "మేనేజరు స్వయంగా ఉభయుల మధ్య నిలుచును. కింద గీత కూడా గీశారు. కానివ్వండి."

"అది... అలంకారంగా రాశానండి."

"నీటిగుర్రాలకి అలంకారాలు తెలియవు. నడవాలోకి వెళ్లండి, కటకటాలున్నాయిగా."

వెళ్లాడు. నిటారుగా నిలబడ్డాడు. ఎడమవైపు పాత నీటిగుర్రం నోరు తెరిచింది. ఆ నోట్లో తన ఆఫీసు బల్ల, మీద ఫైళ్లతో సహా పడుతుందని ఆయనకి లెక్క తేలింది. చప్పున కుడివైపు తిరిగాడు. కొత్తది అటు తిరిగి నిలబడి ఉంది. కొత్త చోట తన ఉనికి తెలియజేయడానికి నీటిగుర్రం పేడ వేస్తూ తోకని పంకా రెక్కలా తిప్పుతుంది. తొమ్మిదో పుస్తకం రెండో పాఠంలో బొమ్మతో సహా ఉంది. ఆయన అంతదాకా చదవలేదు.

ఒక్క క్షణంలో తెల్లచొక్కా ఫైలు అట్ట రంగుకి మారింది. కళ్లు మూసుకుపోయి ఆయన చేతికందిన పిడిని పట్టుకు లాగాడు. అది బయటికి పోయే తలుపుది కాదు. రెండు గదుల నుంచీ మడుగులోకి తెరుచుకునే తలుపులది. వద్దు వద్దని కీపరు అరిచేలోపు రెండు నీటిగుర్రాలూ మడుగు గట్టు మీదకి వచ్చేశాయి. అక్కడ గడ్డి, క్యాబేజీలు ఒకే కుప్పగా పోసి ఉన్నాయి. రెండూ అటూ ఇటూ నిలబడి నోళ్లు తెరిచాయి. డైరెక్టరుగారు ఫోటోగ్రాఫరు వెనక దాక్కున్నారు.

"కీపరుగారూ, కుప్ప ఒకటే ఎందుకు పోశారు?" సందర్శకుల కమ్మీ దగ్గర అక్కయ్య పక్కన నిలబడ్డ భార్య గొంతు ఖంగుమంది. అరవై మందిని స్నానాల గది దగ్గర వరసలో నిలబెట్టే గొంతు అది. "ఇంకో కుప్ప ఆ చివర వేయండి. చటుక్కున. గది తలుపులు రెండూ తీసే ఉంచండి, పారిపోవాలంటే దారుండాలి. డైరెక్టరుగారూ, మీరు కదలొద్దు. ఎవరూ దేన్నీ ముద్దు చేయొద్దు."

కీపరు క్యాబేజీలు అటు చివరకి విసిరాడు. కొత్తది ఓసారి పాతదాన్ని చూసి, మర్యాదగా అటు నడిచింది. కాసేపటికి రెండూ వీపులు తిప్పుకుని, ఎవరి వంతు వాళ్లు నమలసాగాయి.

డాక్టరమ్మ గొడుగు మూసి కమ్మీ దగ్గరికి వచ్చింది. "ఎవరమ్మా మీరు?"

భార్య నోరు విప్పేలోపే అక్కయ్య అందుకుంది. "మీరు తొంభై రెండు మార్కులేసిన రెండో ఆడ నీటిగుర్రాన్ని నేనండి. ఇది మొదటిది."

అక్కడి నుంచి కథంతా బయటపడటానికి అయిదు నిమిషాలు పట్టింది. నడవాలోంచి ఆయన తడుముకుంటూ బయటికి వచ్చేసరికి డాక్టరమ్మ జవాబుపత్రాలు తిరగేస్తోంది.

"ఇందులో మీది ఏముందండీ?"

ఆయన నిజమే చెప్పాడు. "చేతిరాత."

ఇంటికొచ్చి ఆరు బకెట్లు పోసుకున్నాక గానీ ఆయనకి మనిషి వాసన రాలేదు. భార్య తువ్వాలు అందించింది. తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది.

"నీటిగుర్రం అన్నందుకు కాదండీ. చదువుకి సాయం చెయ్యమని అడిగితే చెప్పకపోదునా? అడిగీ, అడగనట్టు రాసుకున్నారు. అక్కడ నొచ్చింది."

ఆయన తువ్వాల్లోంచి ముఖం బయటికి తీయలేదు. లోపలి నుంచే "తప్పయింది" అన్నాడు.

"సరే అయితే. డిప్లొమాకి దరఖాస్తు తెప్పించండి. నా పేరు మీద."

ఆయనే తెప్పించాడు, ఆయనే నింపాడు. ఆ ఏడాది ఇంకెవరూ గట్టెక్కక కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. మరుసటి ఏడు ఆవిడ మొదటి శ్రేణిలో ప్యాసై, అరవై మందినీ ఇంకొకరికి అప్పగించి, అసిస్టెంటు మేనేజరు గదిలో అడుగుపెట్టింది. తలుపు మీద పేరు రాయించే ఫైలు హెడ్డుగుమాస్తా చేతుల మీదుగానే నడిచింది.

ఆవిడ చేరిన రెండో వారం, సాయంత్రం గంట ముందు వెళ్లడానికి ఆయనకి అనుమతి కావలసి వచ్చింది. తలుపు తట్టాడు.

"ఇవాళ కొంచెం ముందు వెళ్తానే."

"ఇంట్లో అడిగేవి ఇంట్లో అడగండి. ఇక్కడ కాగితం పెట్టాలి, హెడ్డుగుమాస్తాగారూ."

ఇరవై నాలుగేళ్లుగా అందరికీ తానే అచ్చువేసి ఇస్తున్న ఫారం ఒకటి తీసి, "అనివార్య కారణముల వలన" అని నింపి లోపలికి పంపాడు. అది నిమిషంలో తిరిగొచ్చింది. పక్కన ఎర్ర సిరాతో ఒక వాక్యం ఉంది. "కారణం మీ సొంత మాటల్లో రాయగలరు."

ఆయన తెల్లకాగితం తీసుకుని పెన్ను మూత తీశాడు. అరగంట గోళ్లు కొరుక్కున్నాడు. చివరికి రాశాడు: "ఈ వారం వంట వంతు నాది. కూరలు తరగడం నాకింకా త్వరగా రాదు. ఆలస్యమైతే మా అక్కయ్య, మీరు ఇద్దరూ ఆకలితో ఉంటారు. ఆకలితో ఉన్న మీ ఇద్దరి మధ్య నిలబడటం నావల్ల కాదు. కనుక ఒక గంట ముందు వదలవలెను."

కాగితం ఈసారి కాస్త ఆలస్యంగా వచ్చింది. లోపల్నుంచి నవ్వు వినపడిందని బంట్రోతు తరవాత అందరికీ చెప్పాడు. రెండు అక్షరదోషాలు దిద్ది, గంట అన్నచోట కొట్టేసి, ఆవిడ అరగంట మంజూరు చేసింది.