అరువు మోటారుకు ఆయిలు

కొల్లూరులో బసవేశ్వరరావు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. వియ్యంకుడి దగ్గర అరువు తెచ్చిన బోటు మోటారును రేపల్లె చేర్చి, అక్కడే భోజనం చేసి రావడం. తన మోటారు పాడై మూలన పడడంతో లంకలోని అరటి గెలలు ఇవతలి గట్టుకు చేరడానికి ఈ మోటారే దిక్కయింది. గెలలు వచ్చేశాయి. మోటారును కడిగి, వరండాలో బల్ల అంచుకు బిగించి నిలబెట్టాడు.

"అరువు తెచ్చిన గిన్నె ఖాళీగా ఇవ్వకూడదంటారు. ట్యాంకు నిండా పెట్రోలు పోయించండి," అంది భార్య మాణిక్యాంబ.

"పెట్రోలు ఎవడైనా పోయిస్తాడు. నేను గేరాయిలు కూడా మార్చి ఇస్తా. బావగారు చూసి నోరెళ్ళబెట్టాలి."

ఆయన బాధంతా ఆ నోటి గురించే. వియ్యంకుడు కోటేశ్వరరావుకు రేపల్లెలో రైసుమిల్లు ఉంది. పిల్లల పెళ్ళిలో జనరేటరు ఆగిపోతే దాన్ని తన చేత్తో నడిపించాడు. అప్పటినుంచి ఏ శుభకార్యంలో కలిసినా నలుగురి ముందూ "యంత్రాలంటే మా బావగారికి కొంచెం కొత్త" అంటూనే ఉన్నాడు. ఆ మాట ఇవాళ్టితో మాన్పించాలని బసవేశ్వరరావు పట్టుదల.

మోటారు అడుగున, ఫ్యానుకు ముందు గేరుబాక్సు ఉంటుంది. పాత ఆయిలు దించడానికి దానికో బోల్టు ఉంటుంది. బసవేశ్వరరావు స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాడు. బోల్టు తిరుగుతోంది కానీ బయటకు రాదు. పటకారుతో పట్టి బలంగా లాగాడు. బోల్టు వచ్చింది. దాంతోపాటు సేమ్యా తునకల్లాంటి అల్యూమినియం ముక్కలు వచ్చాయి. వెనకే ఆయిలు వచ్చి మాణిక్యాంబ ముగ్గు మీదుగా పారింది. తిరిగి బిగిద్దామంటే, బోల్టు బియ్యంలో గుచ్చిన వేలులా వదులుగా కూర్చుంది.

"కన్నంలో బోల్టు పట్టే మరలు పోయాయి," అన్నాడు నీరసంగా.

"పోయాయా, పోగొట్టారా?"

అంతలో ఫోను మోగింది.

"ఏం బావగారూ, మోటారు బయల్దేరిందా?" అన్నాడు కోటేశ్వరరావు.

"లేదు బావగారూ, లంకలో ఇంకో ట్రిప్పుంది."

"అయితే మీకెందుకు శ్రమ? సాయంత్రం నేనే వచ్చి ఆటోలో వేసుకుపోతా."

"వద్దొద్దు! ఇవాళ మేం ఇంట్లో ఉండం. నాకు మోకాలు పట్టేసింది. డాక్టరు దగ్గరకి వెళ్తున్నాం."

"అయ్యయ్యో! తెనాలేనా?"

తెనాలి అంటే ఆయన పండ్ల సంచితో సహా అక్కడ ప్రత్యక్షమవుతాడు. "బాపట్ల," అన్నాడు బసవేశ్వరరావు. "మోటారు రేపు పంపిస్తాను."

"తొందరేం లేదండి. మీరు మాత్రం దాన్ని కదపకండి, ముట్టుకోకండి."

ఫోను పెట్టగానే మాణిక్యాంబ అంది. "ఊరంతా డాక్టర్లున్న తెనాలి వదిలేసి బాపట్ల వెళ్తారా ఎవరైనా? అబద్ధమైనా దారిలో ఉండేది ఆడాలి."

మోటారుకు దుప్పటి చుట్టి ఆటోలో పడుకోబెట్టి, మర బాగుచేయించడానికి ఇద్దరూ తెనాలి బయల్దేరారు. వేమూరు దాటకముందే వియ్యపురాలు సుబ్బులమ్మ ఫోను చేసింది. "వదినగారూ, నల్లేరు పచ్చడి చేస్తున్నా. ఎముకలకి అంత మంచిది లేదు."

ఆ వెంటనే హైదరాబాదు నుంచి కూతురు సాయిసుధ. "నాన్నా, మోకాలు చిప్ప మార్చాలన్నారటగా! నాకు చెప్పాలనిపించలేదా?" అని ఏడుపు. ఆమెను ఓదార్చేలోపు కోటేశ్వరరావు తమ్ముడి కొడుకు జీవన్ కుమార్. బాపట్లలో ఉంటాడట. "మావయ్యగారూ, పెదనాన్న చెప్పారండి. బస్టాండులో ఉంటాను, మీరు దిగితే చాలు."

"ఆ కుర్రాణ్ణి ఎండలో నిలబెట్టిన పాపం ఎవరిదండీ?" అంది మాణిక్యాంబ.

"ముందు మర సంగతి తేలనీ, పాపం సంగతి తర్వాత."

తెనాలిలో బర్నబాస్ లేతు షాపు పేరున్నది. అతను మోటారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "దీన్ని నేనెక్కడో చూశాను సార్," అన్నాడు.

"మోటార్లన్నీ ఒకేలా ఉంటాయిలే. బాగవుతుందా?"

"ఎందుకవదు! కన్నం కాస్త పెద్దది చేసి, కొత్త మర కోసి, స్ప్రింగు లాంటి స్టీలు చుట్ట ఎక్కిస్తా. పాత బోల్టే పట్టుద్ది."

బర్నబాస్ మర కోసే పనిముట్టుకు గ్రీజు పూస్తుండగా, మాణిక్యాంబ గేరాయిలు కొనడానికి ఎదుటి కొట్టుకు వెళ్ళింది. అంతలో వీధిలోంచి "బర్నబాసూ!" అన్న కేక వినపడింది. కోటేశ్వరరావు గొంతు.

పారిపోవడానికి రెండో దారి లేదు. బసవేశ్వరరావు దుప్పటి లాగి మోటారు మీద కప్పి, తానూ ఆ దుప్పటి కిందే దూరి కూర్చున్నాడు.

కోటేశ్వరరావు లోపలికి వచ్చి గొంతు తగ్గించాడు. "రేపు మా బోటు మోటారు తెస్తానోయ్. ఎండాకాలంలో అడుగు బోల్టు మరీ బిగించి మర పోగొట్టుకున్నా కదా, నీకు చూపించాను. అప్పుడు తీరిక లేక, పైపు లీకులకి పెట్టే లప్పం కూరి అతికించేశా. ఇంతలో మా వియ్యంకుడు అడిగాడు. లేదంటే బాగుండదు. అరువు మోటారుకి ఆయిలు మార్చే వెర్రివాడెవడుంటాడులే అని ఇచ్చేశా. ఇవాళ ఆయన బాపట్లలో ఉన్నాడు. అందుకే ధైర్యంగా వచ్చా. మా వాళ్ళెవరి దగ్గరా నోరు జారకు, తల ఎత్తుకోలేను."

బర్నబాస్ దుప్పటి వైపు చూశాడు. దుప్పటి మోగింది.

లోపల చీకట్లో తడుముకోవడంలో ఏ మీట నొక్కాడో, జీవన్ కుమార్ గొంతు షాపంతా వినపడింది. "మావయ్యగారూ, ఎక్కడున్నారండి? బస్సులన్నీ వెతికాను. చక్రాల కుర్చీ కూడా తెచ్చానండి!"

కోటేశ్వరరావు దుప్పటి ఎత్తాడు. మోటారు పక్కన బసవేశ్వరరావు, రెండు మోకాళ్ళూ గడ్డానికి ఆనించుకుని కూర్చుని ఉన్నాడు.

"బావగారూ, మీ మోకాలు?"

"బావగారూ, మీ లప్పం?"

గుమ్మంలో ఆయిలు డబ్బా పట్టుకుని ఎప్పటినుంచో నిలబడి ఉన్న మాణిక్యాంబను ఇద్దరూ ఒకేసారి చూశారు.

"అసలు ఈ బోల్టే నాసిరకం బావగారూ," అన్నాడు కోటేశ్వరరావు చటుక్కున.

"అవునండి! అల్యూమినియంలో మర కొయ్యడమేంటండి, బుద్ధి లేకపోతే!"

"మనలాంటి చేయి తిరిగిన వాళ్ళ దగ్గరే నిలవలేదంటే చూడండి."

'మనలాంటి' అన్న మాటకు బసవేశ్వరరావు ముఖం వెలిగింది. ఇద్దరూ చెరో స్టూలు లాక్కుని, ఆ మోటారు చేసినవాళ్ళను తిట్టడంలో ఏకమయ్యారు. ఈలోగా బర్నబాస్ స్టీలు చుట్ట ఎక్కించి, కింది కన్నంలోంచే పంపుతో ఆయిలు పైకి ఎక్కించి, బోల్టు బిగించాడు. చుక్క కారలేదు.

"ఇంకొక్క చుట్టు బిగిస్తే మంచిదేమో," అంటూ వియ్యంకులిద్దరూ స్క్రూడ్రైవరు కోసం ఒకేసారి చేయి చాచారు.

మాణిక్యాంబ దాన్ని తీసి చేతిసంచిలో వేసుకుంది. "బర్నబాసూ, ఆ బోల్టుకి తాళం కూడా పెట్టొచ్చేమో చూడు నాయనా."