ఖాళీ కూతల జట్టు

ఆదివారం పొద్దున కృష్ణప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎమ్మిగనూరు బజారులో ఒక శాలువా, ఒక పూలదండ కొనాలి. ఆ రెండూ కాలేజీలో ఆటలు నేర్పే పీడీ సారు ఇశ్రాయేలు గారికి వేసి, ఆయన మెత్తబడ్డాక ఒక్క మాట చెప్పాలి. ఎండెక్కకముందే గోనెగండ్ల దగ్గరున్న తన ఊరికి తిరిగిపోయి ఉల్లి చేలో కలుపు తీయించుకోవాలి.

చెప్పాల్సిన మాట కూడా చిన్నదే. మర్నాడు ఆదోనిలో జరగబోయే ఫైనల్లోనైనా తన కూతురు మహేశ్వరిని ఆడనివ్వమని.

మహేశ్వరి జట్టులో లేదని కాదు. మూడేళ్లుగా ఆ కాలేజీ ఆడపిల్లల కబడ్డీ జట్టులో ఉంది. ఆ జట్టు ఈ ఏడు ఒక్క ఆట కూడా ఓడలేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఓడిపోయే జట్టుకు సలహా ఇచ్చే హక్కు ఊరంతటికీ ఉంటుంది. గెలిచే జట్టు మీద కోపం వస్తే ఆ కోపాన్ని ఎవరి ముందు పెట్టుకోవాలో తెలియదు.

ఇశ్రాయేలు సారు ఆడించే పద్ధతి ఇదీ. కూతకు పోయిన పిల్ల అవతలి వాళ్ల అడ్డగీత తొక్కి, ఎవరినీ ముట్టకుండా తిరిగి వచ్చేయాలి. వరసగా రెండు ఖాళీ కూతలైతే మూడోదానిలో పాయింటు తేవాల్సిందే, లేకపోతే అవుట్. ఆ మూడోదానికి కెప్టెన్ సంతోషి పోతుంది. మిగతా వేళంతా అవతలి నుంచి వచ్చిన పిల్లను పట్టి కూర్చోబెట్టడమే పని. ఒకటి రెండు పాయింట్లతో గెలుస్తారు. చూసేవాళ్లకు ఆవులింతలు వస్తాయి, కాలేజీకి కప్పులు వస్తాయి.

ఆ ఖాళీ కూతలన్నీ మహేశ్వరివి. ఈ మూడేళ్లలో ఆ పిల్ల ఎవరినీ ముట్టలేదు, ఎవరికీ చిక్కలేదు. ఫైనల్‌తో చదువూ ఆటా రెండూ అయిపోతాయి. తన బిడ్డ ఒక్కసారి ఎదుటివాళ్లను ముట్టి వస్తుంటే కళ్లారా చూడాలని కృష్ణప్పకు ప్రాణం కొట్టుకుంటోంది.

కాలేజీ గేటుకు ఎదురుగా భీమక్క బొరుగుల ఉగ్గాని హోటలుంది. జట్టు అభిమానులు రెండుగా చీలింది ఆ హోటలు బెంచీల మీదే. తెగించి ఆడాలనే పక్షానికి కృష్ణప్ప పెద్ద. జాగ్రత్త పక్షానికి ఆటో నడిపే ఉరుకుందు పెద్ద.

"గెలుస్తాండారు గదన్నా. ఇంకేం గావాల నీకు?" అనేవాడు ఉరుకుందు.

"గెలిస్తే సాలా? ఆడ సూసేదానికేముంది? పోయేది, గీత తొక్కేది, వచ్చేది. మా ఊరికి బస్సు గూడా అట్లనే వచ్చి పోతాది, దానికెవురన్నా సప్పట్లు కొడతారా?"

"ముట్టబోయి చిక్కితే?"

"చిక్కితే చిక్కనీ. వాన వస్తాదో రాదో తెలీకనే ఏటా ఇత్తనం ఏస్తాండాను నేను. భయపడితే సేద్యం అయితాదా?"

"అందుకే గదన్నా నీ సేద్యం అట్లుండేది."

ఆ మాటతో ఇద్దరికీ కొన్నాళ్లు మాటలు లేవు. అయినా ఈ ఆదివారం బజారుకు పోయింది ఉరుకుందు ఆటోలోనే. మాటలు లేకపోయినా ఆటో ఎక్కొచ్చు.

పెద్దమనిషిని ఏదైనా అడగాలంటే ఉత్త చేతులతో పోవడం కృష్ణప్పకు తెలిసిన మర్యాద కాదు. ముందు శాలువా, తర్వాత మాట. ఊరికి బస్సు వేయమని అడిగినప్పుడు ఇదే పద్ధతి, బోరు అడిగినప్పుడూ ఇదే. కాలేజీలో లెక్క వేరని ఆయనకు తెలియదు. ఆ కాలేజీలో శాలువా కప్పేది విడిచి వెళ్లిపోయే వాళ్లకు మాత్రమే.

శాలువా కొన్నాక దాన్ని భీమక్క దగ్గర పెట్టి, దండ కోసం మళ్లీ ఆటో ఎక్కాడు.

"ఎవురికప్పా ఇది?" అంది భీమక్క.

"పీడీ సార్‌కు. సన్మానం జేస్తాండాము," అన్నాడు కృష్ణప్ప. ఆటో కదిలింది.

భీమక్క శాలువాను ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. కాలేజీ గేటు ముందు బతికే మనిషి. శాలువా కప్పుకుని ఆ గేటు దాటిన వాళ్లెవరూ మళ్లీ ఉగ్గానికి రాలేదు. పైగా ఇశ్రాయేలు సారుది కాంట్రాక్టు ఉద్యోగం. కాసేపటికి ప్రాక్టీసు మధ్యలో టీ తాగడానికి పిల్లలు వచ్చారు.

"టీ మళ్లీ తాగుదురుగాని, ముందు పోయి మీ సారును సూసుకోండి తల్లీ," అంది భీమక్క. శాలువా ఎత్తి చూపించింది. అంతకు మించి చెప్పాల్సిన పని లేకపోయింది.

కృష్ణప్ప దండతో తిరిగొచ్చేసరికి భీమక్క కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"సారు ఎల్లిపోతాండాడంటప్పా."

"యా సారు?"

"మన పీడీ సారే. కాలేజోళ్లు వద్దన్నారేమో. పిల్లోళ్లంతా ఏడుస్తాండారు."

ఈ కబురు తన శాలువాతోనే పుట్టిందని కృష్ణప్పకు తట్టలేదు. తట్టకపోగా, సమయానికి శాలువా తెచ్చి మంచి పని చేశానని తనను తాను మెచ్చుకున్నాడు కూడా.

మైదానంలో పిల్లలు ఇశ్రాయేలు సారు చుట్టూ నిలబడి ఏడుస్తున్నారు. ఎందుకేడుస్తున్నారో సారుకు అర్థం కాలేదు. అడిగితే ఏడుపు ఎక్కువవుతోంది. అంతలో శాలువా, దండ పట్టుకుని కృష్ణప్ప, ఆయన వెనక ఉరుకుందు కనిపించారు. సారు ముఖం తెల్లబోయింది. కాంట్రాక్టు మనుషులకు ఇలాంటివి విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశారు, ఎత్తలేదు. ఆదివారాలు ప్రిన్సిపాల్ ఫోన్ ఎత్తరు. కానీ ఈ ఆదివారం ఎత్తకపోవడానికి ప్రత్యేకంగా ఒక అర్థం ఉన్నట్టు తోచింది.

"మీకెప్పుడు తెలిసిందప్పా?" అని కృష్ణప్పనే అడిగారు.

"ఇప్పుడే సార్. అందరూ అంటాండారు."

"సరే. నాకే కొంచెం ఆలస్యంగా తెలిసింది," అన్నారు సారు నెమ్మదిగా.

శాలువా కప్పారు, దండ వేశారు. పెద్దవాడు కదా, రెండు మాటలు చెప్పమని అందరూ కృష్ణప్ప వైపు చూశారు. వెళ్లిపోతున్న మనిషి ముందు ఫిర్యాదు ఎలా చేస్తాడు? దండలో తల వంచుకుని నిలబడ్డ సారును చూస్తే ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

"సారు ఆట అట్లాంటి ఆట నేను యాడా సూడలేదు. తొందర లేదు, తెగింపు లేదు. పోయిన బిడ్డ పోయినట్లే తిరిగొస్తాది. మాలాంటి ఆడపిల్లల తండ్రులకు ఇంతకంటే ఏం గావాల?" అన్నాడు.

ఉరుకుందు ఆయన వైపు వింతగా చూశాడు. సంతోషి కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది. "ఫైనల్లో సారు ఆటే ఆడదాం. ఒక్కరు గూడా సొంతంగా ఎవురినీ ముట్టొద్దు. ఒట్టు." పిల్లలంతా చెయ్యి మీద చెయ్యి వేశారు. మహేశ్వరి కూడా వేసింది. అందరితో పాటు చప్పట్లు కొడుతున్న కృష్ణప్పకు, తను ఏమి చేసుకున్నాడో అప్పుడు అర్థమైంది. చప్పట్లు మధ్యలో ఆపితే బాగుండదని కొడుతూనే ఉన్నాడు.

ఆదోనిలో ఫైనల్ ఎలా జరిగిందో చూసినవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించే చెబుతారు. ఎమ్మిగనూరు పిల్లలు ఎన్నడూ ఆడనంత జాగ్రత్తగా ఆడారు. మహేశ్వరి గీత తొక్కి తిరిగొచ్చిన ప్రతిసారీ ఎమ్మిగనూరు వాళ్లు లేచి నిలబడి కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టారు. ఎవరైనా పోయారేమోనని ఆదోని వాళ్లు ఈలలు వేయడం మానుకున్నారు.

చివరి కూత మిగిలింది. ఎమ్మిగనూరు ఒక్క పాయింటు ముందుంది. మహేశ్వరి పోయి గీత తొక్కి వస్తే చాలు, కప్పు వాళ్లదే. ఆదోని జట్టు టైమౌట్ తీసుకుంది. అప్పుడే వచ్చిన ప్రిన్సిపాల్ నేరుగా సారు దగ్గరికి నడిచారు.

"వేరే కాలేజీ దొరికితే నాకొక మాట చెప్పకూడదా ఇశ్రాయేలు గారూ? సన్మానం కూడా అయిపోయిందట!"

"నన్ను వద్దన్నది మీరే కదా సార్?"

"నేనా? ఎవరన్నారు?"

సారు పిల్లల వైపు చూశారు. పిల్లలు, హోటలు మూసుకుని ఆట చూడ్డానికి వచ్చిన భీమక్క వైపు చూశారు. భీమక్క కృష్ణప్ప వైపు వేలు చూపించింది. "శాలువా తెచ్చింది ఈయప్పే."

కృష్ణప్ప భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మీరు పోతారని తేలేదు సార్. మా పాపను ఒక్కతూరి ముట్టనీమని అడిగేదానికి తెచ్చినాను. మూడేండ్ల నుంచి పోయేది వచ్చేదే సూస్తాండాను. బిడ్డ ముట్టేది ఒక్కసారి సూడల్లని ఆశ."

"నిన్నే చెప్పొచ్చు కదప్పా?"

"మీరు పోతాంటే ఎట్ల సెప్పేది సార్?"

ఉద్యోగం ఉందని తెలిసిన సంతోషమో, మరేమిటో, ఇశ్రాయేలు సారు కళ్లలో నీళ్లు తిరిగాయి. మహేశ్వరిని పిలిచారు.

"ఈ కూత నీదమ్మా. గీత సంగతి మర్చిపో. ముట్టి రా."

కృష్ణప్ప సారుకు అడ్డం వచ్చాడు. "ఇప్పుడా? సార్, సార్! ఒక్క పాయింటే ఉంది సార్! చిక్కితే బిడ్డ మీదికే వస్తాది గదా మాట! ఇంత తెగింపు పనికిరాదు సార్, ఊరికే గీత తొక్కి రమ్మనండి!" సారు వినిపించుకోలేదు. కృష్ణప్ప ఉరుకుందు చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వన్నా సెప్పప్పా!"

"ముట్టనీలే అన్నా, సూద్దాం," అన్నాడు జాగ్రత్త పక్షం పెద్ద.

విజిల్ మోగింది. మహేశ్వరి నేలకు మొక్కి, కూత పెట్టి మధ్యగీత దాటింది. కృష్ణప్ప అక్కడే కూలబడి తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు. రెండు చేతులతో చెవులు కూడా మూసుకున్నాడు.

మహేశ్వరి గీత తొక్కింది, ఆగలేదు. ఆదోని పిల్లలు ఇది ఊహించలేదు. మూలనున్న పిల్ల అడుగు వెనక్కు వేసేలోపు మహేశ్వరి ముందుకు దూకి, కుడిచెయ్యి చాపి ఆ పిల్ల మడమ ముట్టింది. ముగ్గురు మీద పడ్డారు. వాళ్లను ఈడ్చుకుంటూ, మట్టిలో పాకుతూ, అదే చేతిని మధ్యగీత మీద పెట్టింది. మైదానం అదిరిపోయింది. కృష్ణప్ప తువ్వాలు తీసి చూసేసరికి పిల్లలంతా మహేశ్వరిని భుజాల మీదికి ఎత్తుకున్నారు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో మహేశ్వరి తండ్రి పక్కన కూర్చుంది. కప్పు ఒళ్లో ఉంది. ఆదోని దాటాక అడిగేసింది.

"నాయనా, సూసినావా?"

"సూడకుండా ఎట్లుంటాను తల్లీ!" అన్నాడు కృష్ణప్ప. "ఆ కాలు సాపినావు సూడు, ఎవురికొస్తాది అట్ల? ఈ జన్మకు మరిసిపోను."

ఉరుకుందు అద్దంలోంచి ఇద్దరినీ చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు.

"ఔ నాయనా, కాలే," అంది మహేశ్వరి, తోలు లేచిపోయిన కుడిచేతి వేళ్ల మీద ఊదుకుంటూ.