మూడో కాఫీ

ఆ ఆదివారం పొద్దున్నే షెఫికా గట్టిగా నిర్ణయించుకుంది. ఏమైనా సరే, ఇవాళ కాఫీ రెండుసార్లే. ట్రావ్నిక్‌లో మొదటి కాఫీ రండి అనడానికి, రెండోది కబుర్లకి, మూడోది ఇక దయచేయండి అనడానికి. నోటితో వెళ్ళమనేంత మోటుమనుషులు ఆ ఊళ్ళో లేరు. మూడో కప్పు చూశాక కూడా కూర్చునే సిగ్గులేనివాళ్ళూ లేరు. వచ్చేది వెహ్బియా. పెళ్ళికి ముందు షెఫికా మనసుపడ్డ మనిషి. ఇప్పుడు ఆమెకు భర్త లేడు, అతనికి భార్య లేదు. అతను ఎంతసేపు కూర్చుంటే అంత బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

మొదటి కాఫీ అయింది. రెండోది కూడా అయిపోవస్తుండగా అతను గొంతు సవరించుకున్నాడు.

“షెఫికా, ఇన్నేళ్ళుగా నీతో ఒక మాట చెప్పాలని...”

సరిగ్గా అప్పుడే పక్కింటి నుంచి ఆడపడుచు జుమ్రా ఊడిపడింది. జుమ్రాది వెన్నలాంటి మనసు. ఖాళీ కప్పు కనబడితే చేతులు ఊరుకోవు.

“అయ్యో వదినా, కప్పులు ఎండిపోయాయి, చూసుకోవేం?” అంటూ ఎన్నోదని కూడా అడక్కుండా కాచి తెచ్చేసింది.

వెహ్బియా ముఖం పాలిపోయింది. మాట మింగేసి లేచాడు.

“కూర్చోండి! ఇది రెండోదే. ఇందాకటిది ఒలికిపోయింది కదా!” అంది షెఫికా.

“ఒలకలేదే, నేను తాగానుగా,” అన్నాడతను అమాయకంగా.

“పోనీ, పాలకూర రొట్టె తిని వెళ్ళండి.”

మర్యాదస్తుడు మొదటిసారే ఒప్పుకుంటాడా? “వద్దులే, కడుపు నిండుగా ఉంది,” అన్నాడు, ఇంకో రెండుసార్లు బతిమాలుతుందని. షెఫికా నోరు తెరిచేలోగా జుమ్రా పళ్ళెం లాగేసింది.

“మరీ బలవంతం చేయకు వదినా, పాపం ఆయనకి అరగదేమో!”

అంతటితో ఊరుకుందా? గుమ్మంలో అతని బూట్లు వీధివైపు తిప్పిపెట్టి, కోటు కూడా చేతికందించింది. అతిథికి ఇంతకన్నా మర్యాద ఎవరు చేస్తారు!

తలుపు మూసుకుంది. “నువ్వు తెచ్చింది మూడోదే!” అంటూ షెఫికా గోడకానుకుని భోరుమంది.

“మూడోదా? నాకేం తెలుసు! ముందే ఒక్క మాట చెప్పకూడదూ?” అంది జుమ్రా బిత్తరపోయి.

“ఏమని చెప్పనే? ఆయన వెళ్ళిపోతే నేను ఉండలేనని చెప్పనా?”

తలుపు చప్పుడైంది. ఎదురుగా వెహ్బియా, కోటు గుండీలన్నీ తప్పుగా పెట్టుకుని.

“ఏమైనా మరిచిపోయారా?”

“లేదు. వెళ్ళమన్నారు, వీధి చివరిదాకా వెళ్ళాను. ఇప్పుడు కొత్తగా వచ్చాను. వచ్చినవాడికి మొదటి కాఫీ ఇవ్వవా?”

షెఫికా కళ్ళు తుడుచుకుని పొయ్యి వెలిగించింది. ఈసారి కాఫీ పొంగేదాకా కూడా అతను ఆగలేదు.

“ఇంకెప్పుడూ నన్ను వెళ్ళమనకు, షెఫికా.”

ఆ రాత్రి ఇద్దరికీ కునుకు పట్టలేదు. అంతా కాఫీ వల్లనేనని జుమ్రా ఇప్పటికీ వాదిస్తుంది.