మొదటి విరామంలో పారిపోయిన మొగుడు

మా ఆవిడ ఎడెల్‌ట్రౌట్ తొమ్మిదేళ్ళుగా ఏటా దరఖాస్తు పెడుతుంటే, ఈ ఏడు మా కొండమీది ఒపెరా పండుగకు రెండు టికెట్లు వచ్చాయి. ఆ ఉత్తరం చూసి ఆవిడ ఏడ్చింది. తేదీ చూసి నేను ఏడ్చాను. ఆ శనివారం సాయంత్రం ఆరింటికే మా ఊరి ఫుట్‌బాల్ జట్టు పై లీగుకు ఎక్కుతుందో లేదో తేలిపోయే ఆట.

"ఏం విన్‌ఫ్రీడ్, సంతోషం పట్టలేకపోతున్నావా?"

"అవునే, కాళ్ళూ చేతులూ ఆడటం లేదు."

రానంటే ఆవిడ తొమ్మిదేళ్ళ ఆశ మీద నీళ్ళు పోసినవాణ్ణవుతాను. వెళితే ఆట పోతుంది. అందుకని ఓ పథకం వేశాను. ఒపెరాలో అంకానికీ అంకానికీ మధ్య గంటసేపు విరామం. మొదటి విరామంలో నడుం నొప్పని బయటపడి, కొండ దిగువ బీరుశాలలో ఆట చూసెయ్యాలి. ఒపెరాశాల మెట్ల దగ్గర "టికెట్టు కావాలి" అని అట్టముక్క పట్టుకుని నిలబడే భక్తులు ఎప్పుడూ ఉంటారు. నా టికెట్టు వాళ్ళలో ఒకరికి దానమిస్తే పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం.

నాలుగింటికి తలుపులకు తాళాలు పడ్డాయి. ఇక ప్రాణం పోయేవాడైనా అంకం అయ్యేదాకా ఆగాలి. కూర్చున్నది చెక్క కుర్చీ. కథలో, మఠానికి మొక్కుగా ఇచ్చేసిన పిల్లనీ శత్రువుల కోట యువకుణ్ణీ ప్రేమ పట్టుకుంది. ఇద్దరూ చెరో మూల నిలబడి, ముట్టుకోకుండా అరగంట పాడారు.

"ఇంత అవస్థ దేనికి? వాడికి వేరే పిల్ల దొరకదా?" అని చెవిలో అడిగాను.

"ష్!" అంది ఆవిడ. ముందు వరసా వెనక వరసా కూడా అన్నాయి.

నిషిద్ధ ప్రేమ గురించి నాకు ఒకరు పాడి చెప్పాలా? కోటు లోపల జట్టు మఫ్లరు దాచుకుని కూర్చున్నవాణ్ణి! ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో నాకు తెలియదు. మోచేతి పోటుకు మెలకువ వచ్చేసరికి విరామం.

"అబ్బా, నడుం," అన్నాను.

"అయ్యో పాపం! ఆ కుర్చీలో ఇంకేం కూర్చుంటావు? వెళ్ళు, చల్లగాలికి తిరుగు. నా గురించి దిగులు పెట్టుకోకు," అంది. ఎంత దేవతండీ! నా మీద నాకే అసహ్యం వేసింది. అది మెట్ల దాకా ఉంది.

మెట్ల కింద నల్లకోటు పెద్దమనిషి ఒకాయన అట్టతో నిలబడి ఉన్నాడు. టికెట్టు చేతిలో పెట్టగానే, "దయగల ప్రభువులు!" అని వంగి దండం పెట్టాడు. నేను కొండ దిగేశాను.

ఆట గురించి అడగకండి. నాలుగు గోల్సు. అన్నీ అవతలివాళ్ళవే. రాత్రి తొమ్మిదింటికి, మా వేసవి పొద్దు ఇంకా పూర్తిగా వాలకముందే, కాళ్ళీడ్చుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చాను. మా ఆవిడా, నల్లకోటాయనా కళ్ళు తుడుచుకుంటూ కలిసి దిగుతున్నారు.

"బుర్క్‌హార్ట్, ఈయన మా ఆయన," అంది ఆవిడ. "మా పాటల బృందంలో పాడతాడులే," అని నాకు చెప్పింది.

"ఇందాకే కలిశాం కదండీ," అని ఆవిడ వైపు తిరిగాడాయన. "మీరు చెప్పినట్టే ఈయన మొదటి విరామంలోనే వచ్చారు. నేను నిలబడి అయిదు నిమిషాలు కూడా కాలేదు." నా చెయ్యి ఊపేసి ఆయన బస్సుకు పోయాడు.

"అంటే... నీకు ముందే తెలుసా?"

"క్యాలెండర్లో ఆరింటి ఆటకు ఎర్ర పెన్సిలుతో మూడు గీతలు గీసింది నేనా? నడుం నొప్పి సంగతీ తెలుసు. మా అమ్మ ప్రతి పుట్టినరోజుకూ నీకు వచ్చేది అదేగా."

"మరి మొదటే ఆయన్ని తీసుకెళ్ళొచ్చుగా?"

"రావద్దంటే వారం రోజులు అలిగి కూర్చుంటావు. నీ అంతట నువ్వే పోతే ఇద్దరికీ సుఖం. బుర్క్‌హార్ట్ మూడో అంకంలో ఎంత ఏడ్చాడో తెలుసా!"

"నేనూ ఏడ్చాను," అన్నాను. ఆవిడ నవ్వలేదు. కళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన ఆ సంతోషాన్ని నా పక్కన కూర్చుని కాక ఇంకెవరి పక్కనో అనుభవించింది. నిజం చెప్పొద్దూ, నాలుగు గోల్సు కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది.

"వచ్చే ఏడు చివరిదాకా నీ పక్కనే కూర్చుంటానే. ఒట్టు."

ఆవిడ నా బుగ్గ మీద ఆప్యాయంగా తట్టింది. "వచ్చే ఏటి దరఖాస్తు నిన్ననే పంపేశాను, విన్‌ఫ్రీడ్. రెండో పేరు బుర్క్‌హార్ట్‌ది."

ఆవిడ సంచీ అందుకుని వెనకాలే నడిచాను.