కాఫీ చల్లారకముందే ముగిసిన మూడేళ్ల ప్రాజెక్టు

సిడ్సెల్ ఫోన్లో భర్తకి ముద్దు పంపుతుండగా మేయర్ ఫ్లెమింగ్ గుమ్మంలో నిలబడి శుభవార్త ప్రకటించాడు. డెన్మార్క్‌లో వాళ్లు పనిచేసే చిన్న పురపాలక సంఘానికి ఇన్నాళ్లకి గుర్తింపు దక్కింది. వేసవి సెలవులు గడిపే తోట గుడిసెల కోసం ఎదురుచూసే పౌరుల జాబితాను నిలువు నుంచి అడ్డానికి తిప్పే మహాసంకల్పానికి రాజధాని మూడేళ్ల ప్రాజెక్టు మంజూరు చేసింది. రేపు పదింటికి మంత్రిగారే స్వయంగా వచ్చి బటన్ నొక్కుతారు.

ఆ జాబితా సామాన్యమైనది కాదు. పేరు, దాని కింద చిరునామా, దాని కింద ఫోన్ నంబరు, ఆ కింద మళ్లీ ఇంకొకరి పేరు. అలా ఒకే కాలమ్‌లో పాతాళం దాకా దిగుతుంది. ఎవరినైనా వెతికే ఉద్యోగి మధ్యలో కాఫీకి లేస్తే, వచ్చి మళ్లీ పైనుంచి మొదలుపెడతాడు. ప్రజాసేవలో అంతటి ఓపిక అరుదు.

సిడ్సెల్‌కి పెళ్లయి వారమైంది. రేపు పొద్దున్నే భర్త ఆస్గర్‌తో ఫెర్రీ ఎక్కి పక్క దీవికి వెళ్లాలి. ఇద్దరికీ కలిసొచ్చిన సెలవు అదొక్కటే. జాబితా సంగతి తేలేదాకా ఎవరికీ సెలవు లేదని ఫ్లెమింగ్ ఎంతో ఆప్యాయంగా చెప్పాడు.

ఆమె కంప్యూటర్లో జాబితా తెరిచి, పక్కన ఖాళీగా ఉన్న మొదటి గడిలో ఒక ఫార్ములా రాసింది, మూడు వరసలకొకటి చొప్పున పేర్లు ఏరుకురమ్మని. పక్క గడిలో ఆ కింది వరస, దాని పక్కన ఇంకో కిందిది. మూల పట్టుకుని కిందికి లాగింది. పేర్లు, చిరునామాలు, నంబర్లు వేటి కాలమ్‌లో అవి బుద్ధిగా నిలబడ్డాయి. ఎండలో తెల్ల దుప్పట్లు ఆరేసినంత హాయిగా అనిపించింది ఆమెకి. కాఫీ ఇంకా వేడిగానే ఉంది.

ఫ్లెమింగ్ తెర చూసి కుర్చీ కోసం తడుముకున్నాడు.

“అయిపోయిందా?”

“అయిపోయింది. సెలవు చీటీ మీద సంతకం పెట్టు మరి.”

“ఎంత పని చేశావు తల్లీ. రేపు మొదలుపెట్టాల్సింది ఇవాళే ముగించేశావు. కేకు మీద ‘శుభారంభం’ అని రాయించాం కదా.”

వెంటనే సమావేశం పెట్టారు. ఆనవాయితీ ప్రకారం బల్ల చుట్టూ ఒక్కొక్కరే మాట్లాడారు, ఎవరూ ఎవరినీ కాదనలేదు. జాబితాను మళ్లీ నిలువు చేసి ఉంచుదామని ఒకరన్నారు. అదీ ఒక్క ఫార్ములా పనేననీ, కానీ మంత్రిగారు బటన్ నొక్కగానే మళ్లీ అంతా అడ్డానికొచ్చి ప్రాజెక్టు ముగిసిపోతుందనీ సిడ్సెల్ చెప్పింది. మూడేళ్ల ప్రాజెక్టును మంత్రిగారి కళ్లముందే ముగించడం మర్యాద కాదని అందరూ ఒప్పుకున్నారు.

చివరికి ఫ్లెమింగ్ లేచాడు. “బటన్ ఉంటుంది. దాన్ని దేనికీ తగిలించం. పచ్చలైటు వెలిగితే చాలు.”

“అయితే రేపు నాతో పనేముంది?” అంది సిడ్సెల్.

అతను జేబులోంచి పెన్ను తీశాడు. “నువ్వుంటే పని జరిగిపోతుంది. వెళ్లు, హాయిగా తిరిగిరా,” అని చీటీ మీద సంతకం చేశాడు.

ఆమె పరుగున మెట్లు దిగేసరికి రేపటి కార్యక్రమం గోడకెక్కింది. పదింటికి మంత్రిగారి చేతులమీదుగా శ్రీకారం, ఆపైన కేకు. అంతకుముందు తొమ్మిదింటికి, లైటుకి బ్యాటరీ ఎవరు వెయ్యాలో తేల్చే ఉపసంఘం తొలి సమావేశం.